రుచి చూడని పళ్ళరొట్టె

కాదమ్మలూ, నూనె దగ్గర మొదలెట్టకు, నూనె సంగతి తరవాత వస్తుంది. ముందు పళ్ళు అని రాయి. మన పెరటి చెట్టు ప్లమ్ పళ్ళు, కోలగా, నీలంగా ఉండేవి, బొటనవేలితో రాస్తే పైన బూడిద పోయి కింద నిగనిగలాడేవి. మూడు కిలోలు. ఇది నా కొలత. మీ నానమ్మ కొలతలు ఎప్పుడూ నోటితో చెప్పలేదు, పళ్ళెం నిండితే చాలు అనేది. మాట నములుతున్నట్టు చెబుతున్నానని విసుక్కోకు, నోట్లో లవంగం ఉంది. గింజలు తీసేటప్పుడు బుగ్గన లవంగం పెట్టుకోవాలి, అదీ రాయి. వేళ్ళకి రసం అంటుకుంటుంది, అంటుకున్న వేలు తనంతట తానే నోటికి పోతుంది, మనిషికి తెలియను కూడా తెలియదు. లవంగం ఉంటే ఆ మంటకి వేలు వెనక్కి తగ్గుతుంది. కొత్త సంవత్సరం రెండో రాత్రి బల్ల మీద ఈ ఏడు ఎవరమూ నోట పెట్టని పండు ఉండాలి, ఇంతదాకా బతికించి తెచ్చావని దేవుడితో చెప్పుకుని అప్పుడు కొరకాలి. ముందే రుచి చూసేస్తే ఆ మాటకి విలువ లేదు. నీకు తెలుసని నాకూ తెలుసు. తెలిసినా రాయి. గింజలు తియ్యడం అయిపోయింది, రొట్టె ఓవెన్‌లోకి వెళ్ళిపోయింది, అయినా లవంగం ఉమ్మెయ్యబుద్ధి కావడం లేదు. అది ఉన్నంతసేపూ మీ నానమ్మ ఈ వంటింట్లో ఉన్నట్టే ఉంది.

గంట పడుతుంది. పొద్దు గూకితే పండగ, పండగ పూట కలం ముట్టుకోకూడదు, కాబట్టి చెప్పేదేదో ఈ గంటలోనే చెప్పాలి. నానమ్మ రొట్టె ఎలా చేసేదో రాసుకుందామని వచ్చావు నువ్వు. నేను మాత్రం నిన్ను పిలిపించింది మీ అమ్మ గురించి చెప్పడానికి. ఇదే ఊళ్ళో, వంతెన అవతల స్టేషన్ వీధిలో ఉంటూ, మార్థ పంతొమ్మిదేళ్ళుగా పండగకి ఈ గడప తొక్కలేదు. మీ నాన్న అర్మాన్ నిన్ను చంకనేసుకుని వచ్చేవాడు, తరవాత చెయ్యి పట్టుకుని తెచ్చేవాడు, ఇప్పుడు నీ వెనకాల నడిచి వస్తున్నాడు. ఆవిడ రాలేదు. ఎందుకు రాదని నువ్వూ అడగలేదు. అడక్కూడదని ఎవరో చెప్పి ఉంటారు. రాదంటే అది నా వల్ల. రాశావా. కలం ఆపకు నొయెమీ, రొట్టెకీ దీనికీ సంబంధం ఉంది, అక్కడికే వస్తున్నాను.

వాసన మొదలైంది చూడు. మొదట పిండి వాసనే, వానలో తడిసిన గోనెసంచిలా ఉంటుంది, కాసేపటికి పళ్ళు మేలుకుంటాయి, అప్పుడు వీధిలోకి కూడా తెలుస్తుంది. సోమవారాలు సంత నుంచి నడిచి వస్తుంటే వంతెన దిగకముందే నాకు తెలిసిపోయేది, మీ నానమ్మ రెజీన్ ఓవెన్ వేసిందని. ఒంటినిండా ఆవుల వాసనతో వచ్చేవాణ్ణి. గుమ్మంలోనే బూట్లు విప్పమనేది. పక్కనే లజార్ ఉండేవాడు, సంతలో నా భాగస్వామి, పెళ్ళి చేసుకోని మనిషి, మా ఇంట్లో తినకపోతే ఎక్కడ తింటాడు. దారిపొడుగునా ఆరోజు కొన్న పశువుల గురించే మాట. నేను చెయ్యి వెయ్యకుండా చెప్పేవాణ్ణి, దూరం నుంచి చూసి, ఈ పెయ్య మూడో నెల చూడిది, ఈ ఆవు పాలు చెప్పినన్ని ఇవ్వదు, ఆ ఎద్దుకి ఎడమ కాలు నొప్పి అని. తప్పింది తక్కువ. రైతులు నా దగ్గరికి వచ్చి, నెఫ్తాలీ గారూ ఒకసారి చూసిపెట్టండి అనేవారు. బడికి నాలుగేళ్ళు వెళ్ళాను, అందులో రెండేళ్ళు ఒక భాష, రాజ్యం మారి రెండేళ్ళు ఇంకో భాష, ఏదీ పట్టుబడలేదు. కన్ను పట్టుబడింది. కంటితో బతికినవాడికి కంటి మీద గర్వం ఉంటుంది అమ్మలూ. అక్కడ దెబ్బతిన్నాను నేను.

చక్కెర సంగతి రాయలేదు కదూ. చక్కెర ముందు వెయ్యకూడదు, వేస్తే పళ్ళు నీళ్ళు వదిలి అడుగు నానిపోతుంది. అడుగున ఎండు రొట్టె పొడి చల్లాలి, దాని మీద పళ్ళని నిలువుగా, ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి వాల్చి, అంచు నుంచి లోపలికి చుట్టూ పేర్చుకుంటూ రావాలి. ఓవెన్ నుంచి తీశాక, వేడి మీద, దాల్చినచెక్క పొడి కలిపిన చక్కెర చల్లాలి. ఎంత చల్లాలి? అదే చిక్కు. ఒక ఏడు తేనెలా ఉంటాయి, ఒక ఏడు కళ్ళు మూతపడేంత పులుపు. ఇంట్లో ఎవరం నోట పెట్టకూడదు కాబట్టి ఎవరికీ తెలియదు. అందుకని ప్రతి ఇంటికీ బయటి నోరు ఒకటి కావాల్సి వచ్చేది. మా ఇంటికి ఆ నోరు గోడ అవతలి సలొమేది. మీ అమ్మమ్మ. ఆవిడ వాళ్ళ చర్చికి వెళ్ళే మనిషి, మన యూదుల కట్టుబాట్లు ఆవిడకి లేవు. మీ నానమ్మ గోడ మీంచి కేకేసేది, "ఒసే సలొమే, నీ నోరు పట్టుకురావే" అని. సలొమే చేతులు తుడుచుకుంటూ వచ్చేది. "వచ్చానే తల్లీ, ఏడాదికోసారేగా నా నోటికి గిరాకీ, మిగతా రోజులన్నీ మూసుకోమంటాడు మా ఆయన" అనేది. పండు కొరికి, ఒక కన్ను మూసి, పైకప్పు కేసి చూసి, నానమ్మతో చెప్పేది, "నాలుగు గుప్పిళ్ళు వెయ్యి. మీ ఆయన మొహమంత పుల్లగా ఉన్నాయి." నేను ఆ మూల కూర్చుని పేపరు చదువుతున్నట్టు ఉండేవాణ్ణి. నవ్వు వచ్చేది గానీ నవ్వేవాణ్ణి కాదు, మొహం పుల్లగా ఉందన్నాక నవ్వితే ఆవిడ మాట తప్పయిపోతుంది కదా.

ఇప్పుడు ఆ నోరు లేదు. సలొమే పోయి ఆరేళ్ళు, ఆ ఇల్లు స్ట్రాస్‌బూర్గ్ వాళ్ళెవరో కొనుక్కుని ఎండాకాలం వచ్చి పోతున్నారు. పొద్దున పోస్టుమాన్ వస్తే ఒక పండు ఇచ్చాను. "బాగుందండీ నెఫ్తాలీ గారూ" అన్నాడు. పుల్లగా ఉందా, తియ్యగా ఉందా అన్నాను. "రెండూనండీ" అన్నాడు. ఇంకోటి ఇమ్మంటారేమోనని సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఉత్తరాలు చదవకుండా పంచే మనిషికి పండు సంగతి ఏం తెలుస్తుందిలే.

ఈ రేకు పళ్ళెం చూశావా, అంచు ఒకచోట నొక్కుకుపోయి ఉంటుంది. ఇది మా పెళ్ళికి వచ్చింది. మరుసటేడే యుద్ధం మమ్మల్ని ఊళ్ళోంచి వెళ్ళగొట్టింది, మనిషికి ఒక పెట్టె, ఒక గంట టైమన్నారు. రెజీన్ పెట్టెలో ఈ పళ్ళెం పట్టలేదు. గోడ మీంచి సలొమేకి అందించింది. అయిదేళ్ళు దక్షిణాన ఎక్కడెక్కడో కొట్టాల్లో, కొండల్లో దాక్కుని బతికాం, ఆ అయిదేళ్ళూ పండగ వచ్చిందో లేదో కూడా ఒకళ్ళని ఒకళ్ళం అడిగి తెలుసుకోవాల్సి వచ్చేది. ఒకసారి రెజీన్ ఎండిన ప్లమ్ పండు ఒకటి ఎక్కణ్ణించో తెచ్చి రెండు ముక్కలు చేసింది, దాని మీదే ఆ మాట చెప్పుకున్నాం, కొత్తది కాదని దేవుడికీ తెలుసు. తిరిగొచ్చేసరికి ముప్ఫై ఇళ్ళ వాళ్ళం పదకొండు ఇళ్ళ వాళ్ళం అయ్యాం. మా అన్న రాలేదు. తలుపులు లేవు, మంచాలు లేవు, ప్రార్థన మందిరంలో ఎవరో గడ్డి నిలవ చేశారు. సలొమే ఈ పళ్ళెం గుడ్డలో చుట్టి తెచ్చి ఇచ్చింది. మంచం కింద దాచిందట. నానమ్మ ఏడుస్తుంటే ఆవిడ ఏం చెప్పిందో తెలుసా. "ఒక్కసారి కూడా వాడలేదే రెజీన్. మా ఇంట్లో అన్నిట్లోనూ వెన్నే కదా, మీ పళ్ళానికి వెన్న తగిలితే మీకు పనికిరాదని నాకు తెలుసు" అంది. యుద్ధంలో, తిండికి లేని రోజుల్లో, ఒక రేకు పళ్ళానికి వెన్న తగలకుండా అయిదేళ్ళు కాపాడింది ఆవిడ. ఆ మనిషి కూతురు మీ అమ్మ. ఈ ముక్క కింద గీత గియ్యి. ఊఁ, గట్టిగానే గియ్యి.

తరవాత్తరవాత సలొమే మోకాళ్ళ నొప్పులంటూ కూతుర్ని పంపడం మొదలెట్టింది. మార్థకి అప్పుడు పదేళ్ళుంటాయి. తల్లిలా కళ్ళు మూయడం, కబుర్లు చెప్పడం లేదు. గుమ్మంలో నిలబడి ఒక పండు తినేది, ఇంకోటి అడిగేది. "ఒక్కటి తింటే ఒక్కదాని సంగతే తెలుస్తుంది అత్తా" అనేది నానమ్మతో. రెండూ తిన్నాక, గింజలు గుమ్మం పక్కన పెట్టి, అప్పుడు చెప్పేది. దాని లెక్క ఎప్పుడూ తప్పలేదు. మీ నాన్నకి పళ్ళ మీద అంత శ్రద్ధ ఎందుకు పుట్టిందో నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు, పండగ వారంలో ఇల్లు కదిలేవాడు కాడు. లజార్‌కి అర్థమైంది. "నెఫ్తాలీ, నీ కొడుకు పళ్ళ బుట్టకి కాపలా కాస్తున్నాడనుకుంటున్నావా, పాపం" అన్నాడు ఓసారి. ఆవు గర్భం చెప్పగలవాడివి, కొడుకు మనసు చెప్పలేకపోయావు అని వాడి ఎత్తిపొడుపు.

పెళ్ళి మాట వచ్చినప్పుడు నేను వద్దనలేదు, అవుననీ అనలేదు. మార్థ మనలో కలవడానికి తనంతట తానే స్ట్రాస్‌బూర్గ్ మతగురువు, రబ్బీ గారి దగ్గరికి వెళ్ళింది. రెండేళ్ళు, ప్రతి గురువారం, పొద్దున్నే రైలెక్కి. మన ప్రార్థనలు నేర్చుకుంది, అక్షరాలు నేర్చుకుంది, నాకు రాని చోట్ల దానికి వచ్చేవి. సలొమే కూతురికి అడ్డం రాలేదు, స్టేషన్ దాకా నడిచి సాగనంపేది. వసంతంలో అన్నీ పూర్తయ్యాయి, జూన్‌లో పెళ్ళి, సెప్టెంబరులో పండగ. రెజీన్ అలవాటు కొద్దీ గోడ దగ్గర నిలబడి పిలిచింది, కొత్త కాపురం వేరే వీధిలో అని మర్చిపోయి. తరవాత కబురు పెట్టింది, వచ్చి పళ్ళు రుచి చూడమ్మా అని. మార్థ వచ్చింది. బుట్ట ముందు నిలబడింది. చేతులు వెనక్కి పెట్టుకుంది. "అత్తయ్యా, ఇక నేను కూడా రుచి చూడకూడదు కదా" అంది. మీ నానమ్మ చాకు పక్కన పెట్టి దాన్ని దగ్గరికి తీసుకుంది. నేను ఆ మూలే ఉన్నాను, పేపరు పట్టుకుని. అంత చిన్న మాటలో ఎంత ఉందో నాకు అప్పుడు తెలియలేదని అబద్ధం చెప్పను. తెలిసింది. తెలిసి, పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నాను.

ఆ ఏడు రెండో రాత్రి రొట్టె నేను తెస్తానంది మార్థ. తన కొత్త వంటింట్లో, కొత్త పళ్ళెంలో, ఎవరి నోరూ అరువు తెచ్చుకోకుండా చేసింది. ఈ బల్లే. రెజీన్, అర్మాన్, లజార్, నేను. మాంసం వండాం, ఉడకబెట్టిన గొడ్డు మాంసం, పక్కన ముక్కులోంచి నీళ్ళు తెప్పించే ఘాటు దుంప పచ్చడి. మాంసం తినే బల్ల మీదికి వెన్న రాకూడదు, పాలు రాకూడదు, నువ్వు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నావు. మార్థ తెల్లగుడ్డ కప్పి తెచ్చిన రొట్టె బల్ల మీద పెట్టి గుడ్డ తీసింది. దీపాల వెలుగులో అంచు చుట్టూ మెరిసింది. నేను దూరం నుంచే అన్నాను, "తీసెయ్యండి. దాంట్లో వెన్న ఉంది."

"లేదు మామయ్యా" అంది.

"నాకు కనబడుతోంది" అన్నాను.

కొత్తగా మనలో కలిసినవాళ్ళకి వాళ్ళ పాత బతుకు ఎత్తి చూపకూడదని మనకి కట్టడి ఉంది, అది వెన్న కట్టడి కన్నా పెద్దది, నేను పెద్దదాన్ని తొక్కి చిన్నదాన్ని పట్టుకు వేలాడాను. తను ఎదురు చెబితే, చూశారా ఇంకా నేర్చుకోలేదు అంటారు. చెప్పకపోతే, ఒప్పుకుంది అంటారు. ఎటూ దారి లేకుండా నిలబెట్టాను పిల్లని. మార్థ గుడ్డ నాలుగు కొసలూ ఒక్కొక్కటిగా రొట్టె మీదికి మడిచింది. "సరే మామయ్యా" అని పళ్ళెం ఎత్తుకుని వెళ్ళిపోయింది. అర్మాన్ లేచి వెనకాలే వెళ్ళాడు, కుర్చీ కూడా లోపలికి నెట్టలేదు. లజార్ ప్లేటు పక్కకి నెట్టి, "నెఫ్తాలీ, ఆవుని అమ్మేటప్పుడు కూడా ఇంత గట్టిగా మాటివ్వవు కదయ్యా నువ్వు" అన్నాడు. ఆ రాత్రి కొత్త పండు లేకుండానే పండగ అయిపోయింది.

లజార్ వెళ్ళాక రెజీన్ గిన్నెలు సర్దుతూ, నా వైపు తిరక్కుండానే అడిగింది. "ఏమయ్యా, రుచి చూశావా?" లేదన్నాను. "ముట్టుకున్నావా?" లేదన్నాను. "మరి?" చూశానన్నాను. అప్పుడు తిరిగింది. "ఆ పిండిలో పోసిన నూనె సీసా నేనే ఇచ్చానయ్యా. పిండి కలుపుతుంటే పక్కనే నిలబడ్డాను. రేపొద్దున వెళ్ళి చెప్పు." అంతే అంది. మీ నానమ్మ ఒక మాట రెండుసార్లు చెప్పే మనిషి కాదు. నేను మర్నాడు వెళ్ళలేదు. రెండో రోజూ వెళ్ళలేదు.

కొత్త సంవత్సరానికీ ఉపవాసం రోజుకీ మధ్య మనకి ఇచ్చిన రోజులు ఎందుకో నీకు తెలుసు. దేవుడికి చేసిన తప్పు దేవుడు చూసుకుంటాడు, మనిషికి చేసిన తప్పు ఆ మనిషి గుమ్మం దగ్గరే తీరాలి, పైవాడు వేలు పెట్టడు. ఆ రోజుల్లో నేను ఊరంతా తిరిగేవాణ్ణి. ఈ పంతొమ్మిదేళ్ళూ తిరిగాను. మంగలి దగ్గర, రొట్టెల కొట్టువాడి దగ్గర, తగువులాడిన ప్రతి రైతు దగ్గర టోపీ తీసి నిలబడ్డాను. లజార్‌ని ఒకప్పుడు అంటగట్టిన కుంటి పెయ్య గురించి క్షమించమని ఎన్నిసార్లు అడిగానో, చివరికి వాడు "ఆ పెయ్య చచ్చి ముప్ఫై ఏళ్ళయిందిరా నాయనా, అది కూడా నిన్ను క్షమించేసి ఉంటుంది, నన్నొదిలెయ్" అన్నాడు. అందరి దగ్గరా అయ్యాక వంతెన దాకా వెళ్ళేవాణ్ణి. కింద నీళ్ళు చూసేవాణ్ణి. ఒక్కో ఏడు వంతెన దాటాను కూడా, మీ కిటికీలో దీపం చూశాను, మీ అమ్మ నీ జడ వేస్తోంది. వెనక్కి వచ్చేశాను. మర్నాడు రొట్టెల కొట్లో ఎదురుపడితే "బాగున్నారా మామయ్యా" అనేది. బాగున్నానమ్మా అనేవాణ్ణి. ఒక్కమాటైనా దెప్పి ఉంటే, ఆ దెప్పుడు పట్టుకుని ఏదో ఒకటి మాట్లాడి ఉండేవాణ్ణేమో. ఈ వసంతంలో మీ నానమ్మ పోయినప్పుడు ఆవిడకి చివరి స్నానం చేయించిన నలుగురు ఆడవాళ్ళలో మీ అమ్మ ఒకతి. గదిలోంచి బయటికి వచ్చినప్పుడు దాని చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి. నా పక్కనుంచి వెళ్ళింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా. దారి ఇచ్చి పక్కకి జరిగాను. ఇంకెవరి నోరు పనిచేయాలి నాకోసం, సలొమే లేదు, రెజీన్ లేదు.

ఏంటమ్మా? కలం ఎందుకు ఆపావు? చెప్పు.

నొయెమీ అంటోంది, రాయి, నువ్వన్నది నువ్వే రాయి: "అమ్మ కూడా లవంగం పెట్టుకుంటుంది తాతయ్యా."

ఎప్పట్నించీ అన్నాను. "నాకు తెలిసినప్పట్నించీ. నానమ్మ చెప్పిందట. మా ఇంట్లో కూడా రెండో రాత్రి దాకా ఎవరూ ముట్టరు. నాన్నా నేనూ ఇక్కడ తినేసి ఇంటికొస్తామా, అప్పటిదాకా అమ్మ తినదు. మేం వచ్చాకే కోస్తుంది."

అంటే రెజీన్ వెళ్ళేదన్నమాట. నేను సంతకి వెళ్ళిన రోజుల్లో వంతెన దాటి వెళ్ళి, కోడలి వంటింట్లో కూర్చుని, పళ్ళు పేర్చడం, రొట్టె పొడి చల్లడం అన్నీ చూపించి, నేను వచ్చే వేళకి తిరిగి వచ్చి, బూట్లు విప్పమని నన్నే గదమాయించేదన్నమాట. నాకు ఒక్క మాట చెప్పలేదు. మంచి పని చేసింది. చెబితే ఆ దారి కూడా చెడగొట్టేవాణ్ణి. చూడు, నాకు ఇప్పుడు ఏం కనబడుతోందంటే, పంతొమ్మిదేళ్ళు, ప్రతి ఏడూ ఒకే రాత్రి ఈ ఊళ్ళో రెండు పళ్ళరొట్టెలు, వంతెనకి ఇటొకటి అటొకటి, ఒకే చెయ్యి నేర్పినవి. ఇక్కడ మేం తిని మూతులు తుడుచుకునేవాళ్ళం. అక్కడ అది దీపం పెట్టుకుని, రొట్టె ముందు పెట్టుకుని, కొయ్యకుండా కూర్చునేది. కొవ్వొత్తి ఎంత కరిగేదో. నేను ఇంకో ముక్క అడిగి తినేవాణ్ణి, కాఫీ తాగేవాణ్ణి, అర్మాన్‌ని కూర్చోబెట్టి పాత సంతల కబుర్లు సాగదీసేవాణ్ణి.

ఉండు, వేళయింది. ఆ గుడ్డ ఇలా ఇవ్వు. తలుపు తీస్తాను, నువ్వు దూరం జరుగు, ఆవిరి కొడుతుంది.

రా. ఇటు రా నొయెమీ. చూడు.

అంచు చూడు. నా చేత్తో నూనె పోశాను, నువ్వే సీసా పట్టుకున్నావు, ఈ ఇంట్లో ఈ వారం వెన్న లేదు. మెరుస్తోందా? చుట్టూ మెరుస్తోంది, వెన్న రాసినట్టే ఉంది. పళ్ళ రసం మరిగి పొంగి అంచుకి ఎక్కి ఆరిందన్నమాట. ఇన్నేళ్ళూ రెజీన్ చేసిన రొట్టె కూడా ఇలాగే మెరిసి ఉంటుంది, ప్రతి ఏడూ నా ముందే పెట్టింది, ఏనాడూ నాకు అందులో వెన్న కనబడలేదు. ఒక్క మార్థ తెచ్చినదాంట్లోనే కనబడింది. కన్ను తప్పింది అని చెప్పుకుని తప్పించుకుందామని చాలా ఏళ్ళు చూశాను. కన్ను తప్పలేదమ్మా. పదకొండు ఇళ్ళు కాస్తా ఆరు ఇళ్ళయ్యాయి, అన్న రాలేదు, మందిరంలో ప్రార్థనకి కావలసిన పదిమంది మగాళ్ళు కూడటం కష్టమైపోయింది, ఉన్న ఒక్క కొడుకూ గోడ అవతలి పిల్లని చేసుకున్నాడు. మనవాళ్ళు నాతో ఆఖరనుకున్నాను. భయపడ్డాను. ఆ భయానికి ఒక తప్పు కావాల్సొచ్చింది, గుడ్డ తియ్యగానే అది దొరికింది. ఆఖరేమిటి, ఈ వంటింట్లో లవంగం ఎందుకో తెలిసిన మనిషి ఈ ఊళ్ళో నేను కాక ఒక్కర్తే ఉంది, అది మీ అమ్మే, నీకు నేర్పింది కూడా తనే. ఇది రాసేటప్పుడు అక్షరం వంకర పోతే పోనీ. తిరిగి శుభ్రంగా రాయకు.

ఇప్పుడు చక్కెర చల్లాలి. దాల్చినచెక్క కలిపి గిన్నెలో పెట్టాను. ఎంతో నాకు తెలియదు. పోస్టుమాన్ రెండూ అన్నాడు. నా అంచనాతో ఇక ఏదీ చల్లను. మీ అమ్మని రుచి చూసి చెప్పమని అడగడానికి కూడా వీల్లేదు, తను మనలో మనిషి, రెండో రాత్రి దాకా ఈ ఏటి పండు తన నోటికీ కొత్తదే. అందుకని ఇలాగే ఉంచుతున్నాను. రేపు రాత్రి గడిచి ఎల్లుండి రాత్రి అనుకుంటావేమో, కాదు, ఇవాళ మొదటి రాత్రి, రేపు రెండోది. రేపు పొద్దుగూకాక నేను టోపీ పెట్టుకుని బయల్దేరతాను. సంచిలో దాచి తీసుకెళ్ళను, ఊళ్ళోవాళ్ళు చూస్తే చూడనీ, ఈ పళ్ళెం రెండు చేతులా పట్టుకుని వంతెన దాటి మీ గుమ్మం దగ్గర నిలబడతాను. మీ నాన్నని, నిన్ను ఇక్కడికి రావద్దని చెప్పు, అక్కడే ఉండండి. తను లోపలికి రమ్మంటే వస్తాను. రెండు రొట్టెలూ పక్కపక్కన పెట్టి, ఆ మాట చెప్పుకుని, పుల్లగా ఉన్నాయో తియ్యగా ఉన్నాయో అందరం ఒకేసారి తెలుసుకుందాం. రమ్మనకపోతే రొట్టె గుమ్మం మీద పెట్టి వచ్చేస్తాను. క్షమించమని మూడుసార్లు అడగాలని కట్టడి ఉంది. పంతొమ్మిదేళ్ళు ఎగ్గొట్టినవాణ్ణి, నాకు మూడు చాలవు, తెలుసు.

పొద్దు కిటికీ దిగుతోంది, ఇక ఆపెయ్. కాగితాలు మడిచి కోటు లోపల పెట్టుకో, పరుగెత్తకు. రాయకూడదు గానీ పండగలో చదవడానికి అడ్డు లేదు, ఈ రాత్రే మీ అమ్మకి చదివి వినిపించు. ఉత్తరంలా గబగబా చదవకు, నేను ఎంత నెమ్మదిగా చెప్పానో అంత నెమ్మదిగా చదువు, నేను ఆగినచోట నువ్వూ ఆగు. మధ్యలో ఏదో పని ఉందని లేచి వెళ్తుంది, వెళ్ళనీ, పిలవకు. తిరిగొచ్చి కూర్చుంటే ఆపినచోటి నుంచి చదువు. కూర్చోకపోతే, తలుపు దగ్గర నిలబడే ఉంటే, మిగతాదంతా వదిలేసి ఈ ఒక్క ముక్క చదువు: మార్థా, ఆ రాత్రి నువ్వు తెచ్చిన రొట్టెలో వెన్న లేదమ్మా. ఆ రాత్రే నాకు తెలుసు.